సబ్బు పెరిగిన సినిమా

సబ్బత్త అన్న పేరు ఆవిడకి అమ్మానాన్నలు పెట్టింది కాదు. ముప్పై ఏళ్ళ కిందట ఒక ఎడిటర్ పెట్టాడు. స్టూడియోలో కొత్తగా చేరినవాళ్ళు మాత్రం, ఆవిడ సామాన్లన్నీ తళతళలాడేలా తోమిపెడుతుంది కాబట్టి ఆ పేరొచ్చిందనుకుంటారు. అనుకోనీ అని ఆవిడ కూడా ఊరుకుంటుంది. అసలు సంగతి చెబితే నవ్వుతారు. నవ్వితే ఆవిడకి ఒళ్ళు మండుతుంది.

స్టూడియో వెనకున్న రేకుల షెడ్డే ఆవిడ రాజ్యం. సినిమాల్లో మనుషుల పక్కన, వెనక, చేతుల్లో కనబడే సామానంతా అక్కడుంటుంది. ఏనాడూ మోగని టెలిఫోన్లు ముప్పై నాలుగు. ఒక్క చొక్కా కూడా మొయ్యని సూట్‌కేసులు అటక నిండా. ఒక చక్రాల కుర్చీ ఉంది, పదకొండుమంది హీరోల తండ్రులు అందులో కూర్చుని, కొడుకు గెలిచిన రోజున ఠక్కున లేచి నిలబడ్డారు. ఒక పూలకుండీ ఉంది, ఎంతమంది ఇల్లాళ్ళు కోపంతో దాన్ని నేలకేసి కొట్టారో అన్నిసార్లూ సబ్బత్తే కూర్చుని అతికించింది. జనం హీరో మొహం చూస్తారు, చూడాల్సిందే, టిక్కెట్టు కొన్నది అందుకే. కానీ ఆ హీరో తాగే గ్లాసుని కూడా ఎవరో ఒకరు చూడాలి కదా! ఈ షెడ్డులో ఆ పని చేసేది ఆవిడ ఒక్కతే.

నిజానికి ఆవిడ ఉండాల్సింది షెడ్డులో కాదు, సెట్ మీద. మూడు పదులు దాటకముందే ఆవిడ సెట్ సామాన్లకి పెద్దయింది. కథలో ఎన్నో రోజు నడుస్తోందో లెక్కపెట్టుకుని, ఆ రోజుకి తగ్గట్టు కొవ్వొత్తి పొడుగు, సిరా బుడ్డిలో సిరా, చెప్పుల అరుగుదల అన్నీ చూసుకునేది. అలాంటి మనిషిని ఒక సబ్బుబిళ్ళ కిందకి దించేసింది.

అది మేష్టారి సినిమా. మేష్టారికీ కూతురికీ మాటా మాటా పెరిగి, కూతురు ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. ఆయన నలభై రోజులు ఒంటరిగా పంతం పట్టుకుని కూర్చుని, ఆఖరికి పంతం వదిలేసి రైలెక్కి కూతురి దగ్గరికి వెళ్తాడు. ఇంట్లో చేతులు కడుక్కునే తొట్టి మీద ఒక సబ్బు ఉంటుంది. కూతురు కొన్న సబ్బు. దాన్ని ఎవరూ చూపించరు, దాని గురించి ఎవరూ మాట్లాడరు, కానీ రోజురోజుకీ అరిగిపోతూ ఉంటుంది. ఆ అరుగుదల సబ్బత్త సొంత ఆలోచన. దర్శకుడు విని, "నువ్వు బంగారానివమ్మా" అన్నాడు. ఆ మాట ఆవిడకి ఇప్పటికీ చెవిలో మోగుతుంది.

షూటింగ్ అయిన పదిహేను రోజులకి ఆ దర్శకుడు జబ్బుచేసి పోయాడు. సినిమాని ఎడిటరే తంటాలుపడి పూర్తి చేశాడు. తీరా తెర మీద చూస్తే, కూతురు వెళ్ళిన మర్నాడు సబ్బు రేకులా పల్చగా ఉంది. చివర్లో, మేష్టారు రైలెక్కబోయే ముందు, అదే సబ్బు కొత్తదానిలా బొద్దుగా ఉంది!

ఒక పత్రికవాడు పట్టేశాడు. ఆ వారమే జరిగిన సభలో ఎడిటర్ మైకు అందుకుని, "నేను సినిమా ఎంత కోసినా సబ్బు మాత్రం పెరుగుతూనే ఉందండీ, మా సబ్బత్త దానికి ఏ ఎరువు వేసిందో" అన్నాడు. హాలు గొల్లుమంది. మూడో వరసలో కూర్చున్న ఆవిడకి తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత ఏ దర్శకుడూ ఆవిడని సెట్ మీదకి పిలవలేదు. "షెడ్డు చూసుకోమ్మా, అదీ ముఖ్యమైన పనే" అన్నారు. ముప్పై ఏళ్ళు చూసుకుంది.

ఇదంతా జరిగిపోయిన కథ. జరుగుతున్నది ఏమిటంటే, ఒక మంగళవారం పొద్దున కళ్ళద్దాల అమ్మాయి ఒకతి షెడ్డులోకి వచ్చింది. పాత ఫిల్ములు కడిగి, మరకలు తీసి, కంప్యూటర్లోకి ఎక్కించే ల్యాబ్‌లో పనిచేస్తుంది. మేష్టారి సినిమాని మళ్ళీ హాల్లో వేస్తున్నారట.

"మేష్టారింటి సబ్బుపెట్టె ఇంకా ఉందా అత్తా? పచ్చ రంగుది?"

"ఎందుకు లేదు?" అని సబ్బత్త మూడో అరలోంచి కళ్ళు మూసుకుని తీసినంత తేలిగ్గా తీసిచ్చింది. "దీంతో మీకేం పని?"

"అడుగు ఎలా ఉంటుందో ఫొటో తీసుకోవాలి. ఆ రెండు చోట్లా సబ్బు చెరిపేసి, ఖాళీ పెట్టె పెట్టేస్తున్నాం. పెద్దాయన చెప్పారు, ఎడిటర్‌గారు. ఆ మచ్చ తీసేయండి, ఇన్నేళ్ళకి దానికీ విముక్తి అన్నారు." ఆ అమ్మాయి నవ్వుతూనే చెప్పింది, మంచి కబురు మోసుకొచ్చిన ధీమాతో. "మీకూ మంచిదే కదత్తా, ఇంకెవరూ నవ్వరు."

సబ్బత్త పెట్టెని వెనక్కి లాక్కుంది. "నవ్వేవాళ్ళని నవ్వనీ! తప్పు చేశానో లేదో తేలకుండా తుడిచేస్తారా?"

ఆ అమ్మాయి బిత్తరపోయింది. "అంటే... మీరు తప్పు చెయ్యలేదా?"

సబ్బత్త పెట్టెని తీసుకెళ్ళి మూడో అరలో పెట్టేసింది. అదే కదా అసలు బాధ. నవ్వులంటే ఆవిడకి కోపమే గానీ భయం లేదు. ముప్పై ఏళ్ళుగా ఆవిడని లోపల్నించి తొలిచేస్తున్నది వేరే ఉంది. తప్పు చేసిందో లేదో ఆవిడకే తెలియదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మొగుడితో అంది. ఆయన రిటైరైన వడ్రంగి. మేష్టారింటి గోడా, తొట్టి కింద చెక్కబల్లా ఆయన చేతి పనే.

"ఎందుకే ఇప్పుడు పాత పుండు గెలుక్కోవడం? చెరిపేస్తే చెరిపెయ్యనీ."

"నీకేం, నీ గోడ ఎక్కడా పెరగలేదు."

ఆయన నవ్వాపుకున్నాడు. "ఆ సబ్బుల కోసం నేను పడ్డ పాట్లు నేను మర్చిపోలేదులే. చాకుతో చెక్కితే అంచులు తేలిపోతాయని, ఏడు సబ్బులు తెచ్చి ఇంటిల్లిపాది చేతా కడిగించావు. మా అమ్మ చేతులు నానిపోయి, కోడలు నన్ను ఉతికేస్తోందిరా అని ఊరంతా చెప్పుకుంది."

"చేతుల్లో అరిగితేనే సబ్బు సబ్బులా ఉంటుంది." సబ్బత్త కంచంలో వేలు తిప్పింది. "ఆఖరి రోజు పొద్దున ఆ రెండు సీన్లూ ఒకే పూట తీశారయ్యా. అరవై ఆరూ, తొంభై తొమ్మిదీ. స్క్రిప్టులో రెంట్లోనూ మేష్టారు చేతులు కడుక్కుని అద్దంలో చూసుకుంటాడు, అంతే, మాట లేదు; మిగతాదంతా నటుడు అప్పటికప్పుడు చేసిందే. లేత ఎండ పోతుందని ముందు తొంభై తొమ్మిది తీశారు, తర్వాత అరవై ఆరు. తొందరలో నేను వరస ప్రకారం ముందు పెద్దదీ తర్వాత చిన్నదీ పెట్టేశానేమో. పెట్టలేదనే అనుకుంటా. కానీ ఆ పొద్దున్ని ఇన్నిసార్లు తల్చుకున్నాక, ఏది నిజంగా జరిగిందో, ఏది నేను కల్పించుకున్నానో తెలీడం లేదు."

వడ్రంగి నవ్వు మానేశాడు. ఇన్నేళ్ళలో ఆవిడ ఈ మాట ఆయనతో అనడం ఇదే మొదటిసారి. "అయితే వెళ్ళి చూసిరా. నేనూ వస్తా పద," అన్నాడు.

ల్యాబ్ గది చల్లగా, చీకటిగా ఉంది. కళ్ళద్దాల అమ్మాయి వాళ్ళిద్దరికీ కుర్చీలు వేసింది. "అరవై ఆరు వేస్తున్నానత్తా," అని మీట నొక్కింది.

తెర మీద మేష్టారు వచ్చి నిలబడ్డాడు. కడిగిన ఫిల్ము కదా, నిన్న తీసినట్టుంది. సబ్బత్తకి ముందు మేష్టారు కనబడలేదు. తొట్టి కనబడింది, పచ్చ పెట్టె కనబడింది, అందులో తన అత్తగారి చేతుల్లో అరిగిన ఆ పల్చటి బిళ్ళ కనబడింది. సబ్బు చిన్నదే. పత్రికవాడు అబద్ధం రాయలేదు.

అప్పుడు మేష్టారు తలెత్తి అద్దంలోకి చూశాడు. సబ్బత్త కూడా చూసింది.

"ఆపమ్మా."

బొమ్మ ఆగింది.

"ఆ అద్దంలో, ఆయన భుజం వెనకాల... ఆ తెల్లటిదేమిటి?"

"పాత ప్రింట్లలో అక్కడ నల్లటి మసక ఉండేదత్తా. మొన్ననే శుభ్రం చేశాం. ఏదో కాయితంలా ఉంది."

సబ్బత్త గుర్తుపట్టింది. అది రోజుకో కాయితం చింపే క్యాలెండరు. కెమెరా వెనక గోడకి తగిలించింది. కెమెరాకి కనబడని గోడకి క్యాలెండరెందుకని అందరూ వేళాకోళం చేశారు. అద్దం చూస్తుందిగా అని ఆవిడ అంది. ప్రతి సీనుకీ తారీఖు మార్చింది కూడా. పూర్తిగా మర్చిపోయింది! అక్కడ ఏ తారీఖుంటే అదే తీర్పు. కూతురు నాలుగో తారీఖు బండికి వెళ్ళిపోతుంది. అరవై ఆరు ఆ మర్నాడు. అక్కడ అయిదు ఉందంటే, సీను సరైనదే, సబ్బే తప్పు, తప్పు ఈవిడదే. ఇక వాదించడానికేమీ మిగలదు. ఒక్క క్షణం ఆవిడకి లేచి ఇంటికి పోదామనిపించింది. తెలియకపోవడంతో ముప్పై ఏళ్ళు బతికింది, ఇంకో పదేళ్ళు బతకలేదా?

పక్కనుంచి వడ్రంగి ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు.

"పెద్దది చెయ్యి," అంది సబ్బత్త.

బొమ్మ పెద్దదయింది. అద్దంలో కదా, అంకెలు తిరగబడి ఉన్నాయి. కళ్ళద్దాల అమ్మాయి బొమ్మని కుడి ఎడమలు మార్చింది. కాయితం మీద రెండు అంకెలు కనబడ్డాయి.

పద్నాలుగు.

"అదేంటి?" అంది ఆ అమ్మాయి. "మర్నాడైతే అయిదు ఉండాలిగా?"

"ఆ రెండోది వెయ్యి," అని సబ్బత్త దాదాపు అరిచింది. "తొంభై తొమ్మిది!"

రెండోది వేశారు. బొద్దుగా సబ్బు, అద్దంలో క్యాలెండరు. పెద్దది చేసి, కుడి ఎడమలు మారిస్తే, ఒకే ఒక్క అంకె. అయిదు.

"మేష్టారు పై నెల పదిహేనో తారీఖు రైలెక్కుతాడు," అంది సబ్బత్త. "పద్నాలుగు అంటే దాని ముందు రోజు. సబ్బు పెరగలేదమ్మా. ఆయన చివరి రోజుని తెచ్చి మొదట అతికించారు."

"కానీ ఎలా? క్లాప్ మీద నంబరు..." అంటూ ఆ అమ్మాయి మళ్ళీ చూసింది. ఆ రెండు సీన్లకీ క్లాపే లేదు. ఫిల్ము అయిపోవస్తోందని ఆఖరి రోజు క్లాప్ కొట్టొద్దన్నారని సబ్బత్తకి అప్పుడు గుర్తొచ్చింది. అయితే నంబరు ఎక్కడ రాశారు? ఆ అమ్మాయి పరిగెత్తుకెళ్ళి ఫిల్ము వచ్చిన రేకు డబ్బాలు రెండూ తెచ్చింది. గుండ్రటి డబ్బాలు, గుండ్రటి మూతలు, నడిమధ్య తెల్ల రంగుతో రెండేసి అంకెలు. కింద గీత లేదు, పైనేదో కిందేదో చెప్పే గుర్తు లేదు. బల్ల మీద పెట్టింది. ఒకటి 66, ఒకటి 99.

వడ్రంగి చెయ్యి చాచి ఒక మూతని తాపీగా సగం చుట్టు తిప్పాడు. ఆ తర్వాత రెండోదాన్ని.

99, 66.

ముగ్గురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ముందు నవ్వింది వడ్రంగే. ఆ నవ్వు చూసి కళ్ళద్దాల అమ్మాయి నవ్వింది. సబ్బత్త నవ్వబోయి భోరుమంది. "సరిగ్గానే పెట్టానయ్యా," అని మొగుడి చొక్కా పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. పోయిన పొద్దున్ని ఎవరో తెచ్చి ఆవిడ చేతిలో పెట్టినట్టయింది.

కళ్ళు తుడుచుకున్నాక రెండు సీన్లనీ వాటి చోట్లలో పెట్టి చూశారు. ఇన్నేళ్ళూ ఆ సినిమాలో మేష్టారు కూతురు వెళ్ళిన మర్నాడే వలవలా ఏడ్చేసి, చివరికి రాయిలాంటి మొహంతో రైలెక్కేవాడు. ఎందుకెక్కాడో ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఇప్పుడు మర్నాడు రాయిలా నిలబడ్డాడు. నలభై రోజుల తర్వాత, వేళ్ళ మధ్య విరిగిపోయేంత పల్చబడ్డ సబ్బుని చేతిలో పట్టుకుని చూసి, అప్పుడు ఏడ్చాడు. అదే నటుడు, అదే ఫిల్ము. కూతురు కొన్న ఆ సబ్బు అయిపోతోందనే ఏడుస్తున్నాడని మొదటిసారి తెలిసింది.

ఇక మిగిలింది పెద్దాయన. ఆ సినిమాకి బతికున్న పెద్ద ఆయనే, ఆయన ఊ అనకుండా ఒక్క ముక్క కూడా కదపకూడదు. ల్యాబ్ అమ్మాయి ఫోన్ చేస్తే శుక్రవారం వచ్చాడు. చేతికర్ర, తెల్లటి గడ్డం, గుమ్మంలోనే, "ఏమ్మా సబ్బత్తా, నీ సబ్బుకి సెలవిప్పిస్తున్నాను, సంతోషమేనా?" అన్నాడు.

"ముందు కూర్చోండి సార్," అంది ఆవిడ.

సంగతి వినగానే ఆయన కొట్టిపారేశాడు. "ఆ రాయి మొహం మీద నేను కాలేజీల్లో పాఠాలు చెప్పానమ్మా! దుఃఖం ఇంకిపోయి మనిషి శిలైపోవడం. దాని మీద పుస్తకంలో ఓ అధ్యాయమే రాశాను. క్యాలెండరు కాయితం చూసి కథ మారుస్తామా?"

"పాఠం బాగానే ఉంది సార్. డబ్బా మూతే తలకిందులుగా ఉంది," అంది సబ్బత్త. "ఒక్కసారి చూడండి. చూశాక కూడా మీకు అలాగే అనిపిస్తే, సబ్బు చెరిపెయ్యండి. నేను పల్లెత్తు మాటనను."

చూశాడు. అయిపోయాక, "మళ్ళీ," అన్నాడు. రెండోసారి అయ్యాక కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. బల్ల మీద మూతని తీసుకుని, అటు తిప్పి, ఇటు తిప్పి, అటు తిప్పి చూశాడు.

"ఆ పొద్దున నేను సెట్ మీద లేను," అన్నాడు చివరికి. "ఆయనా పోయాడు. రెండు డబ్బాలూ నా ముందుకొచ్చాయి. ఏది ఏదో నాకు తెలీదమ్మా. ఎవర్నైనా అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. పైగా నిన్ను..." ఆయన తలొంచుకున్నాడు. "తప్పు నాది."

ముప్పై ఏళ్ళుగా ఆ మాట కోసమే ఎదురుచూసింది సబ్బత్త. వింటే కడుపు నిండుతుందనుకుంది. సగమే నిండింది. "నాతో ఒక్కదానితో చెబితే ఎలా సార్? మీరు ఆ రోజు మైకులో అన్నారు," అంది.

పెద్దాయన ఆవిడ వైపు చూశాడు. తర్వాత తలూపాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆట. హాలు నిండిపోయింది. సగం మంది, ఆ పెరిగే సబ్బుని చూసి నవ్వుకుందామని వచ్చినవాళ్ళే. సినిమాలో సబ్బు మొదటిసారి కనబడగానే వెనక బెంచీల్లో కిసుక్కులు. అరవై ఆరో సీనులో బొద్దు సబ్బు చూసి, ఇంకా ఏం జరగలేదేమిటని గుసగుసలు. తొంభై తొమ్మిది వచ్చేసరికి ఎవరూ సబ్బు కోసం చూడటం లేదు. మేష్టారు చెయ్యి చాచి ఆ పల్చటి బిళ్ళని తీసుకున్నాడు. ఆయన ఏడ్చాడు, హాలు ఏడ్చింది. సబ్బత్త తెర వైపు కాకుండా జనం మొహాల వైపు చూస్తూ కూర్చుంది, పొంగిపోతూ.

దీపాలు వెలిగాక పెద్దాయన కర్ర పొడుచుకుంటూ వేదిక ఎక్కాడు. ఒక చేతిలో మైకు, ఒక చేతిలో మూత. మూతని తిప్పి చూపిస్తూ ఉన్నదున్నట్టు చెప్పాడు. డబ్బా సంగతి, క్యాలెండరు సంగతి, తను వేసిన జోకు సంగతి. "నా తప్పుని ఆవిడ నెత్తిన పెట్టి, ఆ పైన పేరు కూడా పెట్టాను. ఈ సినిమాలో పనిచేసిన అందరిలోకీ కథని రోజుతో సహా గుర్తుపెట్టుకున్నది ఆవిడ ఒక్కతే. అమ్మా, పైకి రా."

సబ్బత్త లేచింది. నడవాలో ఆవిడ నడుస్తుంటే ముందు ఒక వరస లేచి నిలబడింది, తర్వాత ఇంకోటి, ఆ తర్వాత హాలంతా. చప్పట్లకి పైకప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. డెబ్భై ఏళ్ళ వడ్రంగి రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, పడుచుకుర్రాడిలా ఈల వేశాడు.

పెద్దాయన మైకు అందించాడు. ఆవిడ దాన్ని రెండు చేతులా పట్టుకుంది. ఏం చెప్పాలో ఆలోచించుకుని రాలేదు, అక్కర్లేకపోయింది కూడా.

"ఆ పొద్దున నేను పెట్టాల్సిన సబ్బే పెట్టాను," అంది.

చప్పట్లు ఎంతసేపటికీ ఆగలేదు. ఆవిడ వాటిని ఆపమని సైగ చెయ్యలేదు. తలెత్తుకుని నిలబడి, చివరిదాకా విన్నది.